ఇంటి జెల్లీఫిష్ తొట్టికి ఉప్పునీరు: తయారీ, కొలత, నిర్వహణ

జెల్లీఫిష్ పెంచాలనుకునేవారు పదేపదే అడిగే ప్రశ్నలు జీవి గురించి కాకుండా నీటి గురించే ఉంటాయి. ఉప్పు ఎంత వేయాలి, ఇంట్లో తాగే ఆర్వో నీళ్లు పనికొస్తాయా, నీరు తెల్లగా విరిగినట్టు అయిందేమిటి, గొడుగు (జెల్లీఫిష్ ఒంటిలో ముడుచుకుంటూ విచ్చుకుంటూ ఉండే పై భాగం) తిరగబడితే ఏం చేయాలి అన్నవే ఎక్కువ. వాటన్నిటికీ పని జరిగే వరుసలో ఇక్కడ సమాధానాలు రాశాను. ఇళ్లలో ఎక్కువగా పెంచే మూన్ జెల్లీఫిష్, అంటే ఆరేలియా ప్రజాతి, దీనికి ఆధారం. లెక్కలన్నీ ముప్పై లీటర్ల నీరు పట్టే గుండ్రటి తొట్టికి వేసినవి. మీ తొట్టి కొలతను బట్టి వాటిని పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు.

ఒక్క విషయం ముందుగా చెప్పాలి. చాలా చేపలకు మొప్పలు, మూత్రపిండాలు ఉంటాయి కాబట్టి ఒంట్లో ఉప్పు ఎక్కువైనా తక్కువైనా కొంతవరకు సవరించుకుంటాయి. జెల్లీఫిష్‌కు అటువంటి ఏర్పాటు లేదు. దాని ఒంట్లో సుమారు 95 శాతం నీరే, బయట ఉప్పదనం ఎంత ఉంటే లోపలా దాదాపు అంతే ఉంటుంది. అందువల్ల ఈ పనిలో ఉప్పదనం అంకె సరిగ్గా 35 పీపీటీ (కిలో ఉప్పునీటిలో 35 గ్రాముల ఉప్పు) దగ్గర నిలవడం కన్నా, నిన్న ఎంత ఉందో ఇవాళ కూడా అంతే ఉండడం ముఖ్యం. 33 దగ్గర నిలకడగా ఉన్న తొట్టిలో జెల్లీఫిష్ బాగానే బతుకుతుంది. ఉదయం 33, సాయంత్రం 36 అయ్యే తొట్టిలో బతకదు.

1. చేరవలసిన అంకెలు

వీటిని ఒక కాగితం మీద రాసి తొట్టి పక్కన అతికించుకోండి.

☐ ఉప్పదనం: 34 నుంచి 35 పీపీటీ (25 డిగ్రీల దగ్గర సాపేక్ష సాంద్రత సుమారు 1.026)
☐ ఉష్ణోగ్రత: 18 నుంచి 22 డిగ్రీలు, 24 దాటనీయకూడదు
☐ పీహెచ్: 8.0 నుంచి 8.3
☐ అమ్మోనియా: సున్న
☐ నైట్రైట్: సున్న
☐ నైట్రేట్: లీటరుకు 20 మిల్లీగ్రాముల లోపు
☐ ఆల్కలినిటీ (పీహెచ్ పడిపోకుండా ఆపే నీటి శక్తి): 7 నుంచి 9 డీకేహెచ్ (దానిని కొలిచే ప్రమాణం)

భీమవరం, కాకినాడ ప్రాంతాల్లో రొయ్యల చెరువులతో పరిచయం ఉన్నవారికి ఈ మాటలేవీ కొత్త కావు. అయితే ఆక్వా ల్యాబులు ఆల్కలినిటీని లీటరుకు మిల్లీగ్రాముల్లో చెబుతాయి, అక్వేరియం కిట్లు డీకేహెచ్‌లో చూపిస్తాయి. ల్యాబు అంకెను 17.9తో భాగిస్తే డీకేహెచ్ వస్తుంది. అంటే 143 వస్తే దాదాపు 8 అని అర్థం. వనామీ రొయ్యల చెరువులో చెల్లిపోయే 10 లేదా 15 పీపీటీ సెలినిటీ (ఉప్పదనం) ఇక్కడ చెల్లదు.

2. ముందుగా సమకూర్చుకోవలసినవి

తొట్టి కొనకముందే వీటిని కొనడం మంచిది, ఎందుకంటే మొదటి నెలంతా తొట్టిలో నీరు, బ్యాక్టీరియా తప్ప మరేమీ ఉండవు.

☐ మూత ఉన్న 25 లీటర్ల కొత్త ప్లాస్టిక్ బకెట్లు రెండు: ఒకటి మంచినీటికి, ఒకటి ఉప్పునీటికి
☐ ఉప్పునీరు కలపడానికి చిన్న సబ్‌మెర్సిబుల్ పంపు
☐ రిఫ్రాక్టోమీటర్ (కాంతి వంగే తీరును బట్టి ఉప్పదనం చూపే పరికరం), దానిని సరిచూసే 35 పీపీటీ ద్రవం
☐ టీడీఎస్ మీటరు (నీటిలో కరిగి ఉన్న పదార్థాల మొత్తాన్ని చూపేది), థర్మామీటరు
☐ గ్రాముల్లో తూచే వంటింటి ఎలక్ట్రానిక్ కాటా
☐ ఉప్పునీటికి పనికొచ్చే అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్, పీహెచ్ కిట్లు
☐ సన్నని సైఫన్ గొట్టం, కొలత గీతలున్న జగ్గు
☐ తొట్టిని చల్లబరిచే చిల్లర్

బకెట్లు కొత్తవై ఉండాలి. ఇల్లు తుడిచే బకెట్‌ను ఎన్నిసార్లు కడిగినా ప్లాస్టిక్ పీల్చుకున్న ఫినాయిల్ పూర్తిగా పోదు. పాత ఎయిర్ కూలర్ నుంచి తీసిన పంపు కూడా వద్దు; దాని తుప్పు పట్టిన స్క్రూలు ఉప్పునీటిలో వారం తిరగకుండానే కరగడం మొదలుపెడతాయి.

రిఫ్రాక్టోమీటర్లు, పరీక్షా కిట్లు, ఆర్టీమియా (జెల్లీఫిష్‌కు మేతగా ఇచ్చే, రొయ్యలాంటి చిన్న జీవి) గుడ్లు కోస్తా జిల్లాల ఆక్వా దుకాణాల్లో దొరుకుతాయి. హైదరాబాద్‌లో సముద్రపు చేపలు అమ్మే అక్వేరియం దుకాణాలను అడగాలి.

3. మంచినీరు: పనిలో సగం ఇక్కడే ఉంది

ఉప్పు కలపడానికి ముందు చేతిలో ఉన్న నీటిలో దాదాపు ఏమీ ఉండకూడదు. టీడీఎస్ మీటరు సున్న చూపిస్తే మేలు. 5 లోపు ఉన్నా ఫరవాలేదు.

కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది. బోరు నీటిలో ఉండే కాల్షియం, నైట్రేట్, సిలికేట్ ఊరిని బట్టి, ఒక్కోసారి వీధిని బట్టి కూడా మారతాయి. బోరు నీటితో కలిపిన ఉప్పునీటిలో రిఫ్రాక్టోమీటర్ 35 చూపించినా, అందులో ఎంత భాగం సముద్రపు ఉప్పుదో, ఎంత భాగం బోరుదో తెలియదు.

ఇంట్లో తాగునీటి ఆర్వో యంత్రం ఉన్నవారు ముందు దాని లోపల ఏమున్నదో చూసుకోవాలి. మన ఇళ్లలోని చాలా యంత్రాల్లో టీడీఎస్ కంట్రోలర్ అనే చిన్న మర ఉంటుంది. రుచి కోసం అది వడగట్టని నీటిని కొంత తిరిగి కలుపుతుంది. దాని తరువాత మినరల్ కార్ట్రిడ్జ్ ఉంటుంది. కొన్నింటిలో ఆరోగ్యం పేరిట రాగి కార్ట్రిడ్జ్ కూడా పెడుతున్నారు, అసలు ప్రమాదం అక్కడుంది. మనిషికి ఏమీ చేయని మోతాదు రాగి కూడా వెన్నెముక లేని సముద్ర జీవులకు విషమే. మెంబ్రేన్ నుంచి నేరుగా వచ్చే గొట్టానికి, ఈ కార్ట్రిడ్జ్‌లకు ముందే, మెకానిక్ చేత ఒక టీ జాయింటు పెట్టించి, అక్కడి నుంచి వచ్చిన నీటిని డీఐ రెజిన్ కార్ట్రిడ్జ్ (నీటిలో ఇంకా మిగిలిన లవణాలను పట్టేసే వడపోత) గుండా పంపితే సమస్య తీరిపోతుంది.

వాడకూడని నీరు ఇంకా మూడు రకాలున్నాయి, మూడింటి గురించీ తరచు అడుగుతుంటారు.

ఏసీ నుంచి కారే నీరు చూడడానికి డిస్టిల్డ్ వాటర్‌లాగే ఉంటుంది, టీడీఎస్ కూడా చాలా తక్కువే చూపిస్తుంది. కానీ అది రాగి గొట్టాల మీద పేరుకుని, దుమ్ముతో కలిసి జారిన నీరు. మీటరు తక్కువ చూపించినంత మాత్రాన రాగి లేదని కాదు.

రాగి బిందెలోనో ఇత్తడి బిందెలోనో నిలవ ఉంచిన నీరు కూడా పనికిరాదు, కారణం అదే.

ఇక విశాఖలో ఉన్నవారు, సముద్రం ఎదురుగా ఉండగా ఉప్పు కొనడమెందుకని అడుగుతారు. ఒడ్డు దగ్గరి నీటిలో ఓడరేవు చమురు, నగరపు మురుగు కలుస్తాయి. వానాకాలం చివర్లో నదుల నీరు బంగాళాఖాతంలోకి చేరడంతో తీరం వెంబడి ఉప్పదనం బాగా పడిపోతుంది. పైగా క్యానులో తెచ్చిన నీటిలోని సూక్ష్మజీవులు చచ్చి కుళ్లి అమ్మోనియా అవుతాయి. ప్రతి నెలా ఒకేలాంటి నీరు కావలసిన మనకు, నెలనెలా మారే నీరు ఎందుకు?

ఇరవై లీటర్ల మినరల్ వాటర్ క్యాను ఆపద్ధర్మంగా పనికొస్తుంది, కానీ ముందు టీడీఎస్ చూసి, డీఐ కార్ట్రిడ్జ్ గుండా పంపి, శుభ్రమైన మీ బకెట్‌లోకి మార్చుకున్నాకే వాడాలి.

4. ఉప్పు: ఏది, ఎందుకు

వంటింటి అయొడైజ్డ్ ఉప్పు, కళ్లుప్పు, సైంధవ లవణం, మంచినీటి చేపల కోసం అమ్మే అక్వేరియం సాల్ట్ దాదాపు సోడియం క్లోరైడు మాత్రమే. సముద్రపు నీటిలో లీటరుకు దాదాపు 1,290 మిల్లీగ్రాముల మెగ్నీషియం, 410 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటాయి. వాటితోపాటు పొటాషియం, సల్ఫేటు, బైకార్బొనేటు కూడా ఉంటాయి.

ఇందులో సల్ఫేటు సంగతి జెల్లీఫిష్‌కు ప్రత్యేకమైనది. ఈ జీవికి చేపలకుండే ఈతతిత్తి (తేలడానికి తోడ్పడే గాలి సంచి) లేదు. ఒంట్లోని జిగురు ద్రవంలో బరువైన సల్ఫేటును కొంత బయటికి పంపి, దాని చోట తేలికైన క్లోరైడును ఉంచుకోవడం ద్వారా అది నీటిలో తేలగలుగుతుంది. సల్ఫేటు సరిగా లేని నీటిలో ఆ తూకం కుదరదు. వంటింటి ఉప్పు ఎందుకు పనికిరాదో చెప్పడానికి ఈ ఒక్క కారణం చాలు.

ఇన్‌స్టంట్ ఓషన్, రెడ్ సీ, ట్రాపిక్ మెరీన్ వంటి సముద్ర అక్వేరియం మిశ్రమాల్లో ఏదైనా సరే. ఒకటి ఎంచుకున్నాక దానిని మార్చకండి. రొయ్యల చెరువులో చల్లే మినరల్ మిక్స్‌లు వీటికి ప్రత్యామ్నాయం కావు.

సంచిలో బరువైన గుళికలు అడుక్కి, తేలికైన పొడి పైకి చేరతాయి. తూచే ముందు సంచిని అటూ ఇటూ నాలుగైదుసార్లు దొర్లించండి. తెరిచాక గాలి చొరని డబ్బాలో ఉంచండి. కోస్తా తేమలో వారం తెరిచి ఉంచితే చాలు, మిశ్రమం గడ్డకడుతుంది. చేతితో నలిపితే విడిపోయే గడ్డలు వాడుకోవచ్చు కానీ, తేమ చేరిన ఉప్పు బరువెక్కుతుంది కాబట్టి కాటా మీద తూకాన్ని పూర్తిగా నమ్మకూడదు. రాయిలా బిగిసినదాన్ని పారేయడమే మంచిది.

5. కలిపే క్రమం (20 లీటర్లకు)

ఈ వరుస మార్చకండి.

ఒకటి. ఉప్పునీటి బకెట్‌లో 19 లీటర్ల శుద్ధమైన నీరు పోయాలి. 20 లీటర్ల మట్టం దగ్గర ముందే పర్మనెంట్ మార్కర్‌తో బయట గీత గీసుకోవాలి.

రెండు. నీరు 20 నుంచి 25 డిగ్రీల మధ్య ఉందో లేదో చూడాలి. త్వరగా కరుగుతుందని వేడినీళ్లు కలపకూడదు.

మూడు. పంపు పెట్టి, నీటి ఉపరితలం బాగా కదిలేలా దాని మూతిని తిప్పాలి.

నాలుగు. లీటరుకు 36 గ్రాముల లెక్కన 720 గ్రాముల మిశ్రమం తూచి, నాలుగు భాగాలు చేయాలి. ఒక భాగాన్ని కొద్దికొద్దిగా చల్లి, అది కరిగి అడుగు కనిపించాకే తరువాతి భాగం వేయాలి.

అయిదు. అంతా కరిగాక 20 లీటర్ల గీత వరకు శుద్ధమైన నీరు పోయాలి. మూత వారగా పెట్టి 24 గంటలు పంపును నడవనివ్వాలి.

ఆరు. ఉప్పదనం, ఉష్ణోగ్రత, పీహెచ్ కొలిచి, తేడా ఉంటే సరిచేయాలి.

ఏడు. వాడటానికి రెండు గంటల ముందు పంపు ఆపాలి. నీటిలో చిక్కుకున్న సన్నని బుడగలన్నీ పైకి వచ్చి పోవాలి.

ఉప్పు వేసిన మొదటి గంటలో నీరు బియ్యం కడిగిన నీళ్లలా ఉంటుంది. కంగారు పడనవసరం లేదు. సాయంత్రానికి తేటపడి, మరునాటికి బకెట్ అడుగున ఉన్న కంపెనీ ముద్ర అక్షరాలు పైనుంచి చదవగలిగేలా ఉండాలి. నేను పాటించే పరీక్ష ఇదే.

మరునాడు కూడా తెల్లదనం పోకపోతే, లేదా బకెట్ గోడకు, పంపుకు సున్నంలాంటి పొర అంటుకుంటే, ఉప్పు మీద నీళ్లు పోసి ఉంటారు, లేదా వేడినీళ్లు వాడి ఉంటారు. ఉప్పు ఎక్కువ, నీరు తక్కువ ఉన్నచోట కాల్షియం, కార్బొనేటుతో కలిసి గట్టిపడి అడుక్కి దిగిపోతుంది. అది మళ్లీ కరగదు. అటువంటి నీటిలో ఉప్పదనం సరిగ్గా ఉన్నా ఆల్కలినిటీ పడిపోయి ఉంటుంది కనుక పారబోయడమే దారి. బకెట్ పొరను తెల్ల వెనిగర్‌తో కడిగి, రెండుసార్లు మంచినీటితో జాడించాలి.

ఎప్పుడూ నీటిలోనే ఉప్పు వేయాలి, ఉప్పు మీద నీళ్లు పోయకూడదు.

6. ఉప్పదనం కొలవడం, సరిచేయడం

ముల్లు ఊగే ప్లాస్టిక్ హైడ్రోమీటర్ చవకే, కానీ ముల్లుకు ఒక్క బుడగ అంటుకున్నా అంకె మారిపోతుంది. రిఫ్రాక్టోమీటర్ వాడండి, కానీ దానినీ గుడ్డిగా నమ్మకండి.

ఆక్వా దుకాణాల్లో దొరికే చాలా రిఫ్రాక్టోమీటర్లు మామూలు ఉప్పు ద్రావణం కోసం గీతలు గీసినవి, సముద్రపు నీటి కోసం కాదు. అవి అసలైన 35 పీపీటీ సముద్రపు నీటిని దాదాపు 36.5గా చూపిస్తాయి. శుద్ధమైన నీటితో సున్నకు సరిచేస్తే ఈ తేడా బయటపడదు. అందుకే 35 పీపీటీ ద్రవంతోనే సరిచూడాలి.

ఆ ద్రవం దొరకనప్పుడు ఇంట్లోనే చేసుకోవచ్చు. 963.5 గ్రాముల శుద్ధమైన నీటిలో 36.5 గ్రాముల సోడియం క్లోరైడు పూర్తిగా కరిగిస్తే, కాంతిని వంచడంలో అది 35 పీపీటీ సముద్రపు నీటికి సమానంగా ఉంటుంది. ఆ చుక్కను గాజు మీద వేసి, గీత 35 మీదకు వచ్చేలా స్క్రూ తిప్పాలి. ఈ ద్రవం కొలతకు మాత్రమే, తొట్టిలో పోయకూడదు.

కొలిచేటప్పుడు రెండు మూడు చుక్కలు వేసి, మూత దించి, అర నిమిషం ఆగి, వెలుతురు వైపు పెట్టి చూడాలి. ప్రతిసారీ గాజును మంచినీటితో కడిగి మెత్తని గుడ్డతో తుడవాలి. ఎండిన ఉప్పు తరువాతి కొలతను పెంచుతుంది.

బకెట్‌లో సరిచేసే లెక్క సులభం. 20 లీటర్లలో 33 వచ్చి 35 కావాలంటే, తక్కువైన 2 పీపీటీని 20తో గుణించి సుమారు 40 గ్రాముల మిశ్రమం కలపాలి. 37 వస్తే 1.1 లీటర్ల శుద్ధమైన నీరు కలపాలి. కలిపిన తరువాత కనీసం కొన్ని గంటలు పంపు నడిపి మళ్లీ కొలవాలి.

ఈ సవరణలు బకెట్‌లోనే జరగాలి. జెల్లీఫిష్ ఉన్న తొట్టిలో పొడి ఉప్పు చిటికెడు కూడా వేయకూడదు.

7. తొట్టిని పక్వానికి తేవడం

జెల్లీఫిష్ విసర్జించే అమ్మోనియాను నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఫిల్టర్‌లోని సిరామిక్ ముక్కల మీద స్థిరపడాలి. దీనికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. తొందరపడినవారు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే.

తొట్టి నింపి పంపు నడిపాక, ఈ దశలో చిల్లర్ ఆపి ఉంచండి. 26 నుంచి 28 డిగ్రీల దగ్గర బ్యాక్టీరియా త్వరగా పెరుగుతుంది. ఆహారంగా అమ్మోనియం క్లోరైడు ఇవ్వాలి. కళాయి వేసేవారు వాడే నవాసాగరం ఇదే, కానీ బజారు సరుకులో లోహాలు కలిసే అవకాశం ఉంది కాబట్టి ల్యాబ్ గ్రేడుది కొనండి. లీటరు శుద్ధమైన నీటిలో 10 గ్రాములు కరిగించి ఉంచుకుని, అందులోంచి 19 మిల్లీలీటర్లు 30 లీటర్ల తొట్టిలో పోస్తే అమ్మోనియా లీటరుకు దాదాపు 2 మిల్లీగ్రాములకు చేరుతుంది.

రెండు రోజులకొకసారి అమ్మోనియా, నైట్రైట్ కొలిచి రాసుకోండి. ముందు అమ్మోనియా తగ్గుతుంది, నైట్రైట్ పెరుగుతుంది, ఆ తరువాత అదీ తగ్గుతుంది. అమ్మోనియా సున్నకు వచ్చినప్పుడల్లా పై మోతాదు మళ్లీ ఇవ్వాలి. ఇచ్చిన మోతాదు 24 గంటల్లో మాయమై, నైట్రైట్ కూడా సున్న చూపిస్తే తొట్టి సిద్ధమైనట్టే.

కిట్‌తో వచ్చే రంగుల అట్టలో మంచినీటికి ఒకటి, ఉప్పునీటికి ఒకటి విడివిడిగా ఉంటే, చూడవలసింది ఉప్పునీటిదే.

చివరగా సగం నీరు మార్చి నైట్రేట్ తగ్గించి, చిల్లర్ వేసి, ఉష్ణోగ్రత 20 దగ్గర రెండు రోజులు నిలిచాక జెల్లీఫిష్ తెచ్చుకోవచ్చు.

8. జెల్లీఫిష్‌ను దింపడం

జెల్లీఫిష్‌ను తెచ్చిన నీటి సంచిని మూసే ఉంచి అరగంట తొట్టిలో తేలనివ్వాలి. తరువాత దాన్ని తెరిచి, పావు గంటకొకసారి సంచి నీటిలో పావు వంతు తీసి, అంతే తొట్టి నీరు పోయాలి. రెండింటి ఉప్పదనం సమమయ్యేవరకు ఇది సాగాలి. సాధారణంగా గంటకు పైగా పడుతుంది. వలతో, చేతితో ఎత్తకుండా, నీటితో నిండిన గిన్నెను సంచిలోనే దాని కిందికి పోనిచ్చి జీవిని అందులోకి తీసుకుని, తొట్టిలో మునిగాక వదలాలి. గిన్నెలోకి సంచి నీరు వీలైనంత తక్కువ రావాలి. సంచిలో మిగిలిన నీటిని సింకులో పోయాలి.

9. రోజువారీ పని: మట్టం, మేత

నీరు ఆవిరవుతుంది, ఉప్పు ఆవిరి కాదు. ఈ ఒక్క మాట గుర్తుంటే సగం ప్రమాదాలు తప్పుతాయి. ముప్పై లీటర్ల తొట్టిలో రోజుకు అర లీటరు ఆవిరైతే 35 పీపీటీ మరునాటికి 35.6 అవుతుంది, వారం పట్టించుకోకపోతే దాదాపు 39.6 అవుతుంది. తగ్గిన మట్టాన్ని ప్రతిరోజూ శుద్ధమైన మంచినీటితోనే, కొద్దికొద్దిగా, పంపు ప్రవాహం ఉన్నచోట పోసి నింపాలి. తొట్టి బయట సన్నని టేపు అంటించుకుంటే మట్టం తెలుస్తుంది.

నేను చేసిన తప్పు ఇక్కడిదే. మొదటి వేసవిలో ఎనిమిది రోజులు ఊరెళ్తూ, తగ్గినంత "బకెట్‌లోని నీరు" పోయమని ఇంట్లో చీటీ రాసిపెట్టాను. రెండు బకెట్లున్నాయి, మూత మీద ఏదీ రాసి లేదు. రోజుకు నాలుగు వందల మిల్లీలీటర్ల చొప్పున ఉప్పునీరే పోశారు. తిరిగి వచ్చేసరికి రిఫ్రాక్టోమీటర్‌లో దాదాపు 39 ఉంది, నాలుగు జెల్లీఫిష్‌లూ పైమట్టానికి చేరి గొడుగులు పూర్తిగా విప్పలేకపోతున్నాయి. పోసినవారి తప్పేమీ లేదు. ఇప్పుడు ఒక బకెట్‌కు నీలం మూత, ఒకదానికి ఎర్ర మూత ఉన్నాయి, పెద్ద అక్షరాలతో "మంచినీరు", "ఉప్పునీరు" అని రాసి ఉంది.

మేత కూడా నీటి పనిలో భాగమే, ఎందుకంటే మిగిలిన మేత అమ్మోనియా అవుతుంది. అప్పుడే పొదిగిన ఆర్టీమియా పిల్లలను రోజుకు రెండుసార్లు ఇవ్వాలి. పొదిగిన సీసాలోని నీటిని, గుడ్డు పెంకులను తొట్టిలోకి రానివ్వకూడదు. సన్నని వలలో పట్టి శుభ్రమైన ఉప్పునీటితో కడిగి, ఆ పిల్లలను మాత్రమే ఇవ్వాలి. అరగంటలో మిగిలినదాన్ని సైఫన్‌తో లాగేయాలి.

రోజూ చూడవలసినవి:

☐ ఉష్ణోగ్రత
☐ నీటి మట్టం
☐ గొడుగు నిమిషానికి ఎన్నిసార్లు ముడుచుకుంటోంది, నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఉందా
☐ గొడుగు కింద బుడగ చిక్కుకుందా

10. వారానికొకసారి నీటి మార్పు

వారానికి 10 శాతం, అంటే మూడు లీటర్లు మార్చడం మామూలు లెక్క. జీవులు ఎక్కువగా ఉంటే 20 శాతం వరకు వెళ్లవచ్చు. ఒకేసారి సగం మార్చడం కన్నా తరచూ కొద్దిగా మార్చడం మేలు.

ముందు పరీక్షలు చేయండి. తరువాత అడుగున పేరుకున్న మడ్డిని సైఫన్‌తో తీస్తూనే మూడు లీటర్లు బయటికి లాగండి. ఫిల్టర్ ముక్కలను కడగవలసి వస్తే ఈ తీసిన నీటిలోనే జాడించాలి. కుళాయి కింద కడిగితే క్లోరిన్ వల్ల బ్యాక్టీరియా చచ్చిపోతుంది.

కొత్త నీరు తొట్టి నీటికి ఒక డిగ్రీ, ఒక పీపీటీ తేడాలోపు ఉండాలి. సన్నని గొట్టంతో, జెల్లీఫిష్‌లకు దూరంగా, పావు గంటకు తక్కువ కాకుండా పోయాలి. పైనుంచి ధారగా పోస్తే బుడగలు పుడతాయి. గొడుగు కింద చిక్కిన బుడగ పైకి రావాలని చూస్తూ, రెండు మూడు రోజుల్లో కణజాలాన్ని చీల్చుకుని రంధ్రం చేస్తుంది. బుడగ కనిపిస్తే, సూది లేని సిరంజితో తొట్టి నీటినే మెల్లగా చిమ్మి గొడుగును పక్కకు వంచితే అది జారిపోతుంది.

నీటి మార్పు నుంచి ఎక్కువ ఆశించకండి. నైట్రేట్ 40 ఉంటే 10 శాతం మార్పుతో 36 అవుతుంది, అంతే. వారం వారం పెరుగుతూనే ఉంటే మేత తగ్గించాలి.

తొట్టిలోనే ఉప్పదనం పెరిగితే రోజుకు ఒక పీపీటీకి మించి దించకూడదు. 37 దగ్గర ఉన్న ముప్పై లీటర్లలోంచి 800 మిల్లీలీటర్లు తీసి, అంతే మంచినీరు మెల్లగా పోస్తే 36 వస్తుంది. మరునాడు మళ్లీ అదే. నా 39ని దించడానికి నాలుగు రోజులు పట్టింది.

11. ఎండాకాలం, కరెంటు కోత

ఏప్రిల్, మే నెలల్లో చిల్లర్ లేకుండా మూన్ జెల్లీఫిష్ పెంచడం మన దగ్గర సాధ్యం కాదని నా అభిప్రాయం. గది ఏసీ రాత్రంతా నడిపేవారు కూడా పగటి సంగతి ఆలోచించాలి.

చిల్లర్ తొట్టిని చల్లబరుస్తుంది, బకెట్‌ను కాదు. మేలో బకెట్ నీరు 30 డిగ్రీలుంటుంది. మూడు లీటర్లు మార్చాలంటే, అందులో సగాన్ని శుభ్రమైన సీసాలో మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచి, అది 8 డిగ్రీలకు వచ్చాక మిగతా సగంతో కలిపితే 19 వస్తుంది.

కరెంటు పోతే ఇన్వర్టర్ మీద ముందు నడవవలసింది పంపు. ప్రవాహం ఆగితే జెల్లీఫిష్‌లు అడుక్కి చేరి ఒకదాని మీద ఒకటి పడతాయి. చల్లదనం కోసం గడ్డకట్టిన నీటి సీసాను మూత బిగించి, జీవులు చేరలేని ఫిల్టర్ గదిలో ఉంచవచ్చు. ఐసు ముక్కలు నేరుగా వేయకూడదు.

దోమల మందు యంత్రం, అగరుబత్తి, రూమ్ స్ప్రే ఉన్న గదిలో తొట్టి గానీ బకెట్ గానీ ఉండకూడదు. దోమల మందుల్లోని పైరెత్రాయిడ్లు నీటి జీవులకు తీవ్రమైన విషం.

12. లక్షణం చూసి లోపం వెతకడం

గొడుగు తిరగబడి గిన్నెలా కనిపిస్తే: ముందు ఉష్ణోగ్రత, అమ్మోనియా చూడండి. రెండూ సరిగా ఉంటే ప్రవాహం ఎక్కువైందేమో చూడండి. చేతితో తిప్పడానికి ప్రయత్నించకండి.

జీవులన్నీ పైకి తేలితే: ఉప్పదనం పెరిగి ఉంటుంది, లేదా బుడగలు చిక్కి ఉంటాయి.

అన్నీ అడుగున ఉంటే: ఉప్పదనం ఉన్నట్టుండి పడిపోయి ఉంటుంది, లేదా ప్రవాహం తగ్గి ఉంటుంది. పంపు జాలీ మూసుకుపోయిందేమో ముందు చూడండి.

గొడుగు వారం వారం చిన్నదవుతుంటే: పరీక్షలన్నీ సరిగా వస్తుంటే తప్పు నీటిది కాదు, మేత చాలడం లేదు.

పీహెచ్ 7.8 దగ్గరే ఉండిపోతే: మూసి ఉంచిన ఏసీ గదిలో బొగ్గుపులుసు వాయువు పేరుకుంటే ఇలా అవుతుంది. గంటసేపు కిటికీ తెరిచి మళ్లీ కొలవండి. అప్పటికీ పెరగకపోతే ఆల్కలినిటీ చూడండి. పీహెచ్ పెంచే మందు ముందుగా పోయకండి.

అమ్మోనియా 0.5 దాటితే: ఆ రోజు మేత ఆపి, 20 శాతం నీరు మార్చి, మరునాడు మళ్లీ మార్చండి. చనిపోయిన జీవి గానీ, ఫిల్టర్‌లో ఇరుక్కున్న ముక్క గానీ ఉందేమో వెతకండి.

13. ఊరెళ్లేటప్పుడు

వెళ్లే ముందు రోజు నీటి మార్పు చేయండి, వెళ్లే రోజు చేయకండి. చేసిన తరువాత ఒక రోజు మీ కళ్ల ముందు గడవాలి.

రోజుకు కావలసిన మంచినీటిని అర లీటరు సీసాల్లో పోసి, ఒక్కొక్కదాని మీద వారం పేరు రాసి తొట్టి పక్కన వరుసగా పెట్టండి. సోమవారం సీసా, మంగళవారం సీసా. టేపు గీత వరకు మాత్రమే పోయాలని, సీసాలో మిగిలింది పారబోయాలని చెప్పండి. ఉప్పునీటి బకెట్‌ను మాత్రం వేరే గదిలో పెట్టి తలుపు వేసి వెళ్లండి.